రుచి చూసే చెంచా

"చాల్లేదు. ఇంకో చెంచా ఆవపిండి వెయ్యి," అంది అత్తగారు.

కోడలు మూడోసారి వేసింది. మీగడ, మయొనైజ్, వెల్లుల్లి, మిరియాల పొడి కలిసిన తెల్లటి సాసు కాస్తా పసుప్పచ్చగా మారింది. జ్వరం నుంచి లేచిన అత్తగారు రేపే మళ్ళీ హోటల్ వంటింట్లో పనికెక్కాలి. అక్కడ ఆవిడ పేరు నిలబెట్టింది ఈ సాసే. అందుకే పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

రుచి చూసే చెంచాను మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వదు.

ఆవిడ మళ్ళీ నాకి చూసింది. "ఉహూ, చప్పిడి. నీ చేతికి ఘాటే రాదే!"

కోడలికి ఒళ్ళు మండింది. గిన్నె అంచుకంటిన సాసు వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. ఘాటు ముక్కులోంచి నడినెత్తికెక్కింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. దగ్గుతూనే అత్తగారి వైపు చూసింది.

ఆవిడ మొహం తిప్పేసుకుంది.

"ఎన్నాళ్ళయింది అత్తయ్యా?"

"జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ. ఉప్పూ తెలీదు, పులుపూ తెలీదు. ఎవరికీ చెప్పకే."

కోడలు గిన్నెలో ఇంకో కప్పు మీగడ పోసింది. "రేపు నేనూ వస్తాను. కలపడం మీరు, రుచి చూడ్డం నేను."

అత్తగారు చెంచా కడిగింది. ఒకటికి రెండుసార్లు తుడిచి, కోడలి చేతిలో పెట్టింది.

"ముందు ఉప్పు చూసి చెప్పు."