పాము చెవులు

“నిజం చెప్పు పెద్దక్కా. నీకు నా మాట వినపడుతోందా, లేదా?” కోర్టు వరండాలో బెంచీ మీద పెద్దక్క వైపు తిరిగి కూచుని అడిగింది లాయరమ్మ.

“లేదమ్మా.”

“మరి జవాబెలా చెప్పావు?”

“అడిగావు కదా. చెప్పకపోతే ఏం బాగుంటుంది?”

లాయరమ్మ నుదురు కొట్టుకుంది. నలభై మంది నేత కార్మికుల తరఫున అప్పీలు వేసింది తను. మరమగ్గాల మోతకి చెవులు పోయాయి, వైద్యమూ చెవి మిషన్లూ మిల్లే ఇప్పించాలన్నది వాళ్ళ మొర. కింద లేబర్ ట్రిబ్యునల్ కొట్టేసింది. ఎందుకు కొట్టెయ్యదు? అడిగిన ప్రతి ప్రశ్నకీ నలభై మందీ తడుముకోకుండా జవాబులు చెప్పి వచ్చారు. డాక్టరు పరీక్షలో వినపడదని తేలిన మాట నిజమే. “చప్పుడైనప్పుడు మీట నొక్కమంటే నొక్కకుండా కూచోడానికి పెద్ద చదువు కావాలా? వీళ్ళవి పాము చెవులు,” అన్నాడు మిల్లు వకీలు. అందరూ నవ్వారు. పెద్దక్క కూడా నవ్వింది.

పదింటి ఎండ వరండాలోకి ఏటవాలుగా పడుతోంది. ఆ వెలుగులో దుమ్ము దూదిపింజల్లా తేలుతోంది. పెద్దక్క దాన్నే చూస్తూ కబుర్లలో పడింది.

“మా షెడ్డులో కూడా ఇంతేనమ్మా. పొద్దున్నే కిటికీలు తీస్తే దూది గాల్లో అలా నిలబడిపోయేది. రెండొందల మగ్గాలు. ఆ చివర మా వదిన వాళ్ళ అత్తని తిట్టుకుంటే, అంటే మా అమ్మనే, ఈ చివర నేను నవ్వేదాన్ని. మిల్లు మూసి నాలుగేళ్ళయినా ఆ మగ్గాలు నాలో ఆడుతూనే ఉన్నాయి. కళ్ళు మూసుకుంటే ఇంకేం ఉండదు, ఆ మోత ఒక్కటే. ఒక్కోసారి హాయిగానే ఉంటుంది కూడాను.”

ఆ గొంతు జోకొడుతున్నట్టుంది. లాయరమ్మకి రెప్పలు వాలిపోయాయి. వరండా మెల్లగా ఊగుతున్నట్టూ, తను ఆ దూదిలో ఎక్కడికో తేలిపోతున్నట్టూ అనిపించింది.

వెనకాల బంట్రోతు చేతిలోంచి ఫైళ్ళ కట్ట దభీమని జారిపడింది. లాయరమ్మ ఉలిక్కిపడి లేచింది. పెద్దక్క కదల్లేదు. ఇంత నిబ్బరం ఉన్న మనిషికి అబద్ధం ఆడడం ఓ లెక్కా అనుకుంది లాయరమ్మ.

“ఎందుకొచ్చిన కేసు పెద్దక్కా ఇది?” అంది మళ్ళీ పక్కన కూలబడి.

“పసిదాని కోసం. మొన్న నా వెనక చాప మీద మనవరాలు గుక్కపట్టి ఏడ్చిందిట. నేను బట్టలు మడతలు పెట్టుకుంటూ కూచున్నానుట. అప్పట్నుంచి అమ్మాయి దాన్ని నాకు వదలడం లేదు. ఆ మిషను పెట్టుకుంటే వదులుతుంది.”

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లాయరమ్మకి నమ్మాలనే ఉంది. నమ్మకమే కుదరడం లేదు.

అంతలో పెద్దక్క పిట్టగోడ మీంచి కిందికి చూసి ఫక్కున నవ్వింది. “మా వదిన చూడు, టీలో పంచదార లేదని ఆ కొట్టువాణ్ణి దులిపేస్తోంది.”

లాయరమ్మ కూడా తొంగి చూసింది. రోడ్డుకి అవతల టీకొట్టు దగ్గర వదిన చేతులు తిప్పుతోంది. మధ్యలో బస్సులు, హారన్లు. లాయరమ్మకి ఒక్క ముక్క వినపడలేదు. ఆ వకీలు అన్నదే నిజం, పాము చెవులే.

కేసు పిలిచారు. నలభై మందీ వచ్చి వెనక బెంచీల్లో సర్దుకున్నారు. పోయిన వాయిదాలో జడ్జిగారు పెద్దక్కని సూటిగా చూస్తూ ఎన్నో ప్రశ్నలు అడిగారు. ఒక్కటీ తప్పిపోలేదు. ఇవాళ తీర్పు.

జడ్జిగారు కళ్ళజోడు మరిచిపోయినట్టున్నారు. కాగితాన్ని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని, ముఖమంతా దాని వెనకే ఉంచి, గట్టిగా, స్పష్టంగా చదివారు.

“ట్రిబ్యునల్ నిర్ణయంలో లోపమేమీ కనపడలేదు. అప్పీలు కొట్టివేయడమైనది.”

మిల్లు వకీలు ఫైలు మూశాడు. జడ్జిగారు కాగితం ఇంకా దించకుండానే రెండో చేత్తో సంతకానికి కలం తడుముకుంటున్నారు. లాయరమ్మ తల తిప్పలేక తిప్పలేక వెనక్కి చూసింది. ఎవరూ ఏడవడం లేదు. నలభై మందీ ఆశగా ఆ కాగితం వైపే చూస్తున్నారు.

పెద్దక్క ముందుకి వంగి, లాయరమ్మ భుజం తట్టి, గుసగుసే అనుకుని, హాలంతా మారుమోగేలా అడిగింది.

“జడ్జిగారు ఇంకా మొదలెట్టలేదేమమ్మా?”