గౌను బొందులు

గౌను బొందులు అందలేదు.

"ఊపిరి బిగబట్టకమ్మా, వదులు," అంది వెనక నిలబడ్డ టైలరమ్మ.

ఆమె వదల్లేదు. వదిలితే పొట్ట బయటపడుతుంది.

పిల్లలు లేనివాళ్లు వచ్చే ఆసుపత్రి అది. మూల కుర్చీలో కూర్చుని చిరిగిన గౌన్లు కుట్టడం, లోపలికి వెళ్లేవాళ్లకు తొడగడం టైలరమ్మ పని. నోరు మాత్రం ఊరుకోదు. కనిపించిన ప్రతి ఒక్కరినీ ఆరా తీస్తుంది.

"పొడుగు కోర్సా, పొట్టి కోర్సా?"

పొడుగంటే నాలుగు వారాల ఇంజెక్షన్లు. పొట్టి అంటే పది పన్నెండు రోజులు.

"పిల్లలు పుట్టే అవకాశం రెండింట్లోనూ దాదాపు ఒకటే. నీ ఒంటికి పొడుగైతే పొట్ట ఉబ్బే ప్రమాదం ఎక్కువ," అని డాక్టరమ్మ ముందే చెప్పింది.

రెండుసార్లు పొట్టి కోర్సుతో చేతులు కాల్చుకున్న ఆమె, ఈసారి పొడుగే కావాలని పట్టుబట్టింది. ఇరవై రెండు గుడ్లొచ్చాయి.

"కోళ్లఫారం పెట్టుకో వదినా!" అని ఆడపడుచు నవ్వింది.

గుడ్లు తీసి ఇవాళ్టికి ఐదో రోజు. పిండాన్ని లోపల పెట్టే రోజు.

ఇదే ఆఖరుసారి అని భర్త తేల్చి చెప్పేశాడు.

మూడు రోజులుగా పొట్ట డోలులా ఉబ్బుతోంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నర్సు ఫోన్ చేసి అడిగితే "భేషుగ్గా ఉన్నా" అంది. నిజం చెబితే ఆపేస్తారు. పిండాల్ని ఫ్రీజర్లో దాస్తారు. అలా దాచినవి బతకవని ఎవరో చెవిలో వేశారు.

"గుడ్లు తీసిన రోజు ఈ బొందులు జానెడు మిగిలాయి. ఇవాళ అందట్లేదు. డాక్టరమ్మకు చెప్పావా?"

"పొద్దున నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నాలే."

"చెప్పమ్మా."

"నీ కాళ్లు పట్టుకుంటా పిన్నీ, నోరెత్తకు. ఇవాళ పోతే నాకింక దిక్కు లేదు."

టైలరమ్మ చేతిలోని బొందులు వదిలేసింది.

"డాక్టరమ్మా!" అని హాలంతా దద్దరిల్లేలా కేకేసింది.

అంతే. పిండాలు ఫ్రీజర్లోకి, ఆమె పై అంతస్తులో వార్డులోకి.

స్ట్రెచర్ మీద పోతూ ఆమె గొంతు చించుకుంది. "నువ్వసలు ఒక్కర్ని కన్నావా? కన్నతల్లివైతే ఇలా చేస్తావా? నా నోటి దగ్గర కూడు లాగేశావు కదే!"

టైలరమ్మ తల వంచుకుని సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు.

పొట్టలోంచి మూడు లీటర్ల నీరు తీశారు. ఇంకో పూట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారు.

నాలుగు నెలలకు దాచిన పిండాన్ని పెట్టారు. నిలిచింది.

ఏడో నెల స్కానుకు వచ్చినప్పుడు మూల కుర్చీ ఖాళీగా ఉంది.

"టైలరమ్మ ఏది సిస్టర్? ఒక్కసారి ఆవిడ చేతులు పట్టుకోవాలి."

"మీరు తిట్టిన మర్నాటి నుంచీ రాలేదమ్మా. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఎక్కడికో తెలీదు."

"ఉద్యోగం వదిలేసిందా?"

"ఉద్యోగమెక్కడిది? బతిమాలి, ఊరికే చేసేది."

"ఎందుకు?"

నర్సు ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"ఆవిడకు ఒక్కతే కూతురు. పొడుగు కోర్సే. ఇక్కడే పోయింది."

ఆమె చేయి తన పొట్ట మీదికి వెళ్లింది.

"పొట్ట ఉబ్బిందని ఆ పిల్ల చెప్పబోతుంటే, 'నోరెత్తకే, ఆపేస్తారు' అని గౌను బొందులు బిగించి కట్టి లోపలికి పంపింది ఆవిడే."