అరగదీసిన పిడి

"ఈ పిడి నా చేతికి పట్టదు సార్. ఇంకెన్నిసార్లు చెప్పల్ల?"

జయరాజు పిస్టల్‌ను బల్ల మీద పెట్టి అరచెయ్యి రుద్దుకున్నాడు. అనంతపురం ఊరి బయట, ఎర్రదిబ్బల మధ్య ఉన్న షూటింగ్ రేంజిలో ఇంకాసేపట్లో జిల్లా పోటీలు మొదలవుతాయి. అతను అప్పుడే ఆఖరి ప్రాక్టీసు ముగించాడు. వరసగా ఐదు టార్గెట్లు. నాలుగు సెకన్లలో ఒక్కోదానికి ఒక్కో గుండు పడాలి. మొదటి మూడూ నడిమధ్యకు పోయాయి. నాలుగోదానికి వచ్చేసరికి పిడి చేతిలో జరిగింది. ఐదోది టార్గెట్ అంచున తగిలింది. ఎప్పుడూ ఇదే తంతు.

కోచ్ సుంకప్ప టీ గ్లాసు కింద పెట్టకుండానే అన్నాడు. "అదే పిస్టలు, అదే పిడి. శశి కాలుస్తాండ్లేదా? వానికి లేని బాధ నీకేమప్పా?"

"వాని కొలతకే చేయించినారు కదా సార్."

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఒకరు చెప్పల్లనా? పిడి చెక్కించింది ధర్మవరంలో. వానిదీ ధర్మవరమే."

"ఆడలేనోడు మద్దెల ఓటిదన్యాడంట. పో, పోయి తనిఖీ చేయించుకోని రా."

సుంకప్ప లేచి వెళ్లిపోయాడు. జయరాజుకు ఒళ్లు మండిపోయింది. క్లబ్బు మొత్తానికి ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ ఒక్కటే. శశీ తానూ వంతులేసుకుని దానితోనే కాలుస్తారు. మూడేళ్లుగా ప్రతి పోటీలోనూ శశి ముందు, తాను వెనక. కాల్చేటప్పుడు శశి ముఖంలో చిన్న ముడత కూడా పడదు. ఎందుకు పడుతుంది? కొలతకు కుట్టించిన చొక్కా ఎవడికైనా హాయిగానే ఉంటుంది.

యాడికి ఊరి దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో జయరాజు పని. ఆకురాయి, ఉప్పు కాగితం అతని సంచిలో ఎప్పుడూ ఉండేవే. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. పిస్టల్ తీసుకుని షెడ్డు వెనక్కి పోయి, మర ఊడదీసి పిడిని చేతిలోకి తీసుకున్నాడు.

బొటనవేలి కింద ఉబ్బుగా ఉన్న చోట ఆకురాయి వేశాడు. చెక్కపొడి రాలింది. మళ్లీ పట్టి చూశాడు. ఇంకొంచెం. చిటికెన వేలి దగ్గర ఇంకొంచెం. ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాడు. ఈసారి పట్టుకుంటే పిడి అరచేతిలో ఒదిగి కూర్చుంది. మూడేళ్లలో మొదటిసారి.

బిగించి బయటికి వస్తుంటే శశి ఎదురయ్యాడు. చేతిలో పొట్లం ఉంది.

"అన్నా, ఏమన్నా తిన్న్యావా? ఉగ్గాని తెచ్చినా. నీ వంతు ముందు కదా, తినేసి పో."

"ఆకలి లేదులే" అన్నాడు జయరాజు, ముఖం చూడకుండా. మూడేండ్లు వాని చెప్పుల్లో నేను నడిచినా, ఒక్క పొద్దు నా చెప్పుల్లో వాడు నడవనీ అని మనసుకు సర్ది చెప్పుకున్నాడు.

తనిఖీలో పిస్టల్‌ను పెట్టెలో పెట్టి కొలిచారు, ట్రిగ్గర్‌కు బరువు తగిలించి చూశారు. అన్నీ సరిపోయాయి. జయరాజు లైను మీద నిలబడ్డాడు.

పోటీలో ముందుగా వచ్చే ఎనిమిది సెకన్ల వరసలు, ఆరు సెకన్లవి సాఫీగా పోయాయి. నాలుగు సెకన్లవి వచ్చాయి. పచ్చదీపం వెలగగానే చెయ్యి లేచింది. ఐదు టార్గెట్ల మీదుగా పారే నీళ్లలా సాగింది. నాలుగోదాని దగ్గర పిడి కదల్లేదు. ఐదోదీ నడిమధ్యకే పోయింది.

మైకులో లెక్క చెప్పారు. ఆరువందలకు ఐదువందల అరవై ఒకటి. జిల్లా రికార్డు బద్దలైంది.

సుంకప్ప పరుగున వచ్చి వీపు చరిచాడు. "చూసినావా? తప్పు పిడిది కాదని నే చెప్పలేదా?"

జయరాజు నవ్వలేదు. అవతల శశి పిస్టల్ చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నవాడు ఆగిపోయాడు. పిడిని తిప్పి చూశాడు. అరగదీసిన చోట బొటనవేలు పెట్టి మెల్లగా రుద్దాడు. తలెత్తి జయరాజు కోసం వెతికాడు. జయరాజు చూపు తిప్పుకుని దూరాన దిబ్బల మీద తిరిగే గాలిమరల వైపు చూశాడు. ఇప్పుడు వీడు అరుస్తాడు. అందర్నీ పిలుస్తాడు.

శశి నేరుగా లైను మీదికి పోయాడు.

జయరాజు టార్గెట్ల వైపు చూడలేకపోయాడు. చప్పుళ్లు మాత్రం విన్నాడు. ఐదైదు గుండ్లు, ఒకే తాళంలో. ఒక్కో వరస అయినకొద్దీ చుట్టూ జనం మాటలు తగ్గుతున్నాయి. వాని చేతిని నేనే పాడు చేసినానని తల వంచుకున్నాడు. ఆఖరి వరస అయ్యాక మైకు గరగరలాడింది.

ఐదువందల డెబ్బై రెండు.

జయరాజు రికార్డు గంటసేపు కూడా నిలవలేదు. చప్పట్ల మధ్య అతను అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. పిడి లేదు, సాకు లేదు, ఇంక చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. శశి జనాన్ని తోసుకుంటూ నేరుగా అతని దగ్గరికే వచ్చాడు.

"అన్నా, పిడి అరగదీసింది నువ్వేనా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. జయరాజు తలూపాడు.

శశి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు పెద్దోనివని నీ కొలతకే చేయించినారనుకోని, మూడేండ్లు నొప్పి ఓర్చుకోని కాల్చినానన్నా. ఈ పొద్దే నా చేతికి సరిపోయింది."