పదిహేనో ఫోటో

స్టాండు మూడు కాళ్ళూ మిద్దె మీద ఆనించేసరికే వీరభద్రకు నడుం పట్టేసింది. పిట్టగోడకు చేరగిలబడి కాసేపు అలాగే నిలబడ్డాడు.

ముప్పై ఏళ్ళుగా పెండ్లి ఫోటోలు తీసి తీసి విసిగిపోయిన మనిషి. ముఖం మాడ్చుకున్న పెండ్లికొడుకుల్ని నవ్వమని బతిమాలాడు. ఫోటోకు అడ్డమొచ్చే మేనమామలతో తగువులు పడ్డాడు. చంద్రుడితో ఆ పీడ లేదు. నవ్వమని అడగక్కర్లేదు, పక్కకు జరగమని అరవక్కర్లేదు. అందుకే పని లేని సాయంత్రాల్లో మూరెడు పొడవు లెన్సు తగిలించుకుని, కల్లూరులో తన అద్దె ఇంటి మిద్దె ఎక్కుతాడు.

సన్నటి నెలవంక నుంచి నిండు చంద్రుడి దాకా, రోజుకొకటి చొప్పున పదిహేను ఫోటోలు. అన్నీ వరసగా ఒకే పటం కట్టించి స్టూడియో గోడకు పెట్టాలని ఆయన ఆశ. పద్నాలుగు దొరికాయి. మధ్యలో ఒక్కటే మిగిలిపోయింది. మూడు నెలలుగా సరిగ్గా ఆ రోజుకే మబ్బులు అడ్డం పడుతున్నాయి.

"ఈ పొద్దొద్దు, నా మాటిను" అంది భార్య సోమక్క, మెట్ల మొదట్లోనే నిలబడి. "తెలిసి తెలిసి ఎందుకు చెప్పు?"

"ఈ పొద్దు తప్పితే మళ్ళా నెల దాకా దొరకదు. మబ్బు ఇప్పుడే ఇడిసింది. రెండు నిమిషాల్లో దిగొస్తా."

"నీకు చెప్పి చెప్పి నా నోరు నొస్తాండాది" అంటూ ఆమె వంటగదిలోకి పోయింది. పాపం, ఆమె పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉంది.

పొద్దు కుంకింది. పడమట, పక్కింటి ఓబుళేశు మిద్దె మీద నీళ్ళ ట్యాంకు. ఆ ట్యాంకుకు జానెడు పైన చంద్రుడు. వీరభద్ర లెన్సు అటు తిప్పి కన్ను ఆనించాడు. అంచు వెంబడి ఉన్న గుంతలు లెక్కపెట్టేంత దగ్గరగా కనబడ్డాయి. ఊపిరి బిగబట్టి నొక్కాడు. కదిలింది. మళ్ళీ నొక్కాడు. ఈసారి కుదిరింది. హమ్మయ్య, పదిహేనూ అయిపోయాయి అనుకున్నాడు.

అప్పుడే కెవ్వుమని కేక.

ఓబుళేశు కోడలు శివజ్యోతి ఆరిన బట్టలు తీసుకుపోవడానికి వాళ్ళ మిద్దె మీదికి వచ్చింది. తల వంచుకుని గబగబా బట్టలు లాక్కుంటూ పక్కకు చూసింది. అంత పొడుగు లెన్సు తన వైపే గురిపెట్టి ఉంది. బట్టలు అక్కడే పడేసి కిందికి పరిగెత్తింది.

వీధి మలుపులో మైకు హోరెత్తిపోతున్నా ఆ కేక అందరికీ వినబడింది. కాసేపట్లోనే ఓబుళేశు, వెనక ఇంకో పదిమంది వీరభద్ర వాకిట్లో ఉన్నారు. ఇంటి ఓనరు పెద్ద ఈరన్న కూడా వచ్చాడు. ఆ వీధిలో ఆయన మాటంటే మాటే.

"సిగ్గు లేదాప్పా నీకు? మా కోడల్ని దొంగతనంగా ఫోటోలు తీస్తాండావా?" అని అరిచాడు ఓబుళేశు.

"ఎంత మాట! ఆ యమ్మ పెండ్లి ఫోటోలు తీసింది నేనే కదప్పా!"

"అందుకే ఇంగా కడుపు మండుతాండాది."

"మా పాప ఓణీల ఫంక్షన్‌కు ఈయప్పనే పిలుద్దామనుకుంటిమి. ఛీ!" అంది గుంపులోంచి ఒకామె.

ఆడవాళ్ళు నలుగు పెట్టుకునే గదిలోకి కూడా జంకు లేకుండా రానిచ్చే ఫోటోగ్రాఫర్ అని వీరభద్రకు పేరు. ఆయన తిన్న ముద్దంతా ఆ పేరు పెట్టిందే. అది పోతే స్టూడియోకు తాళం వేసుకోవడమే.

"ఈరన్నా, దీంట్లో ఏముండాదో నువ్వే చూడప్పా" అని కెమెరా చాచాడు.

ఈరన్న అందుకోబోయాడు.

"చంద్రుడు తప్ప ఇంకేం లేదు. ఒట్టు!"

చాచిన చెయ్యి టక్కున వెనక్కి పోయింది. "వద్దు వద్దు. నాకు చూపియ్యొద్దు."

"పోనీ, మూలింటి టైలర్ మీరా హుస్సేన్‌ను పిలవండి. ఆయన చూసి చెప్తాడు."

"ఆయన పొద్దున్నే డోన్‌కు పాయె" అన్నారు ఎవరో.

"అయితే పైకన్నా చూడండప్పా! అదిగో, ట్యాంకు పైన! నేను గురిపెట్టింది దాన్నే!"

ఒక్కరూ తలెత్తలేదు. అందరూ ఎవరి చెప్పుల వైపు వాళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు. వీరభద్రకు ఏడుపొచ్చినంత పనైంది.

"రేపు చూస్తాంలే" అని నసిగాడు ఈరన్న.

"రేపటికల్లా తుడిపేసుకోడా?" అన్నాడు ఓబుళేశు.

"తుడిపేస్తానని అనుమానముంటే కెమెరా నువ్వే పెట్టుకో ఈరన్నా."

"ఆ డబ్బా నా ఇంట్లోకా? బాగ చెప్పినావు! నీకో దండం. ఈ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్."

గుంపు తిట్టుకుంటూ కదిలింది. ఇంక వాదించే ఓపిక వీరభద్రకు లేదు. గుమ్మంలో సోమక్క ఏడుస్తూ నిలబడింది. కెమెరా ఆమె ముందుకు పెట్టాడు.

"నువ్వన్నా చూడే."

ఆమె కొంగు తీసి కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

వినాయక చవితి నాడు చంద్రుణ్ణి చూసి లేనిపోని నింద నెత్తికెత్తుకునే ధైర్యం ఆ వీధిలో వీరభద్రకు తప్ప ఇంకెవరికీ లేదు.