ఎర్ర దారం చెంబు

"అమ్మా! మూతి పెట్టకు!"

మాగ్దా అరుపుకి పడవ ఊగిందో, పడవ ఊగి మాగ్దా అరిచిందో గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. హాలీనా ఇత్తడి చెంబుని రెండు చేతులా ఎత్తి, పెదాలకి ఆనించి గటగటా తాగేస్తోంది. కాశీలో చదువుకుంటున్న కూతుర్ని చూడ్డానికి పోలండు నుంచి మొగుడితో కలిసి వచ్చి మూడు రోజులైంది. ఈ ఎండ ఆవిడకి కొత్త.

ఎదురు బల్ల మీద పండితాయిన్ కూచుని ఉంది. మాగ్దా అద్దెకుండే ఇంటావిడ. పండితుడి భార్య కాబట్టి వీధంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. మడీ ఆచారం గట్టిగా ఉన్న మనిషి. "మీ అమ్మానాన్నలకి ఘాట్లన్నీ నేను చూపిస్తా బిటియా" అని, కన్నకూతుర్ని పిలిచినట్టే పిలిచి ముచ్చటపడి, కచౌరీల బుట్టతో, నీళ్ళ చెంబుతో పొద్దున్నే తయారైపోయింది.

"ఏం చేశాను?" అంది హాలీనా గడ్డం మీద నీళ్ళు తుడుచుకుంటూ.

"ఎంగిలి చేశావు! ఇక్కడ ఎత్తి పోసుకోవాలి. చిన్నపిల్లకి చెప్పినట్టు నిన్న చెప్పానా లేదా?"

"చెప్పావు. దాహంలో మర్చిపోయాను."

"పొద్దున గుడి మెట్ల మీదకి చెప్పులతో ఎక్కావు. నాన్నేమో ప్రసాదానికి ఎడం చెయ్యి చాపాడు. ఇప్పుడిది! నేను ఆ ఇంటి పిల్లననిపించుకోవడానికి ఎనిమిది నెలలు పట్టిందమ్మా. ఒక్క గుక్కతో నా పరువు గంగలో కలిపేశావు."

తండ్రి యానుష్ కెమెరా పక్కన పెట్టి, అవతలి ఒడ్డున ఏదో ఉన్నట్టు అటే చూస్తూ కూచున్నాడు. తల్లీకూతుళ్ళ మధ్య తల దూర్చే రకం కాదు.

హాలీనా ముఖం చిన్నబోయింది. చెంబుని ఒళ్ళో పెట్టుకుని, దాని మెడకున్న ఎర్ర దారాన్ని వేలితో తడిమింది.

"నువ్వు ఫోటో పంపిన చెంబే కదా అని తీశాను. నీకోసం ప్రేమగా దారం కట్టారని రాశావుగా. మనవాళ్ళందరికీ చూపించాను కూడా."

ఆ మాటకి మాగ్దా కోపం సగం సిగ్గులోకి దిగింది. దిగినా తగ్గలేదు.

పడవవాడు ఛేదీలాల్ తెడ్డు ఆపి నవ్వాడు. "గంగమ్మ మీద కూచుని మంచినీళ్ళకి తగువేంటి దీదీ? ఊరి ఎంగిలంతా కడిగే తల్లి ఇక్కడే ఉందిగా."

"నువ్వు తెడ్డు వెయ్యి భయ్యా" అని కసిరి, మాగ్దా పండితాయిన్ వైపు తిరిగి హిందీలో అందుకుంది.

"తప్పయిపోయింది అమ్మాజీ. మా అమ్మకి మన ఆచారాలు తెలీవు." 'మన' అన్న మాటని కాస్త ఒత్తి పలికింది. "ఇంటికెళ్ళగానే చింతపండు పెట్టి నేనే తోముతాను. అలా కుదరదంటే కొత్త చెంబు కొనిస్తాను. నన్ను మాత్రం పరాయిదాన్ని చెయ్యకండి."

హాలీనాకి మాటలు అర్థం కాలేదు. కూతురు చేతులు జోడించడం అర్థమైంది. తల కొట్టేసినట్టయి, తనూ చేతులు జోడించింది.

పండితాయిన్ ముందు తెల్లబోయింది. తర్వాత గాజులు గలగలమనేలా చెయ్యి ఊపి నవ్వేసింది.

"అయ్యో పిచ్చిపిల్లా! ఇంతోటి దానికా కన్నతల్లిని నలుగురిలో అన్నేసి మాటలన్నావు? తాగనీ పాపం. ఆవిడ మూతి పెట్టి తాగితే మాకేం పోయింది?"

మాగ్దా ప్రాణం లేచొచ్చింది. ఎంత పెద్ద మనసు! చూశావా, నేనంటే వీళ్ళకి ఎంత ప్రేమో అని తల్లికి చెబుదామని ఇటు తిరిగింది.

పండితాయిన్ బుట్టలో చెయ్యి పెట్టి, కచౌరీల కింద నుంచి తడిగుడ్డ చుట్టిన ఇంకో చెంబు తీసింది. తలెత్తి, నోటికి జానెడు ఎత్తు నుంచి చుక్క ఒలక్కుండా నీళ్ళు పోసుకుంది. కొంగుతో మూతి తుడుచుకుని ఆప్యాయంగా అంది:

"మేం తాగే చెంబు ఇదీ బిటియా. అది నీ ఒక్కదానిదే. మా వాటిలో కలిసిపోకూడదనేగా, నువ్వొచ్చిన రోజే దాని మెడకి ఎర్ర దారం కట్టాను!"