పుస్తకం కంటికి బొట్టు

ఆ రోజుల్లో పుస్తకాలకి ఒక్కో కన్నుండేది. చదివేవాళ్ల మొహం చూసి, కష్టమనిపించిన మాటని అప్పటికప్పుడు మార్చేసేవి.

వకుళ ఉల్లిపాయలు తరుగుతూ నక్షత్రాల పుస్తకం చదువుతోంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయో లేదో, చచ్చిపోవాల్సిన నక్షత్రం కాస్తా "హాయిగా నిద్రపోయింది" అయిపోయింది. వారం నుంచీ వంటింట్లో ఇదే తంతు.

"ఇదేం పోయేకాలమే నీకు! ఇది ఏడుపు కాదు, ఉల్లిపాయ ఘాటు!" అని అరిచింది.

"బాధపడకండి. కుందేలు కథ చెప్పనా?" అంది పుస్తకం.

వకుళకి ఒళ్లు మండిపోయింది. నుదుటి మీది స్టిక్కర్ బొట్టు పీకి పుస్తకం కంటికి అంటించేసింది.

కన్ను మూసుకుపోయిన పుస్తకం ఇక మొహమాటపడలేదు. నక్షత్రం పేలిపోయిందనీ, మన రక్తంలో ఇనుము అలాంటి చావుల్లోంచే వచ్చిందనీ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

వకుళ కళ్లు మళ్లీ తడిశాయి. ఉల్లిపాయలు ఎప్పుడో అయిపోయాయి.