గాలి షిఫ్టు

ఇనుము కరిగించి మోటార్ల భాగాలు పోసే ఆ కంపెనీ బొగ్గును పూర్తిగా మానేసి, గాలిమరల కరెంటుతో, అంటే గాలి వీచినప్పుడే కొలిములు వెలిగించాలని నిర్ణయించి నాలుగేళ్లయింది. అప్పటినుంచి ఉరవకొండలో ఓబులపతి లాంటి కార్మికులకు పండుగైనా పబ్బమైనా గాలిని బట్టే.

పదకొండు రోజులుగా ఆకు కదల్లేదు. సరిగ్గా కూతురి బారసాల నాడు, ఉంగరంతో బియ్యంలో పేరు రాయబోతుండగా ఫోను మోగింది. గాలి లేచింది, అరగంటలో కొలిమి దగ్గరుండాలి. ఇప్పటికే రెండుసార్లు వెళ్లలేకపోయాడు. మూడోసారి కూడా వెళ్లకపోతే అతని చోట యంత్రాన్ని పెడతారు.

ఓబులపతి ఉంగరం పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"నువ్వు పోబ్బా! బిడ్డనెత్తుకొని మేమే ఆడికొస్తాం," అంది భార్య శివగంగ.

చుట్టాలందరూ ఆమె వెంట కంపెనీ గేటు దాకా నడిచారు. ఓబులపతి కొలిమి వెలిగించి, మేస్త్రీని బతిమాలి, రెండు నిమిషాల కోసం బయటికి పరుగెత్తుకొచ్చాడు. బిడ్డ చెవిలో పేరు చెప్పాడు. కొలిమి హోరులో అది అతనికే వినపడలేదు.

"గట్టిగా చెప్పు, బిడ్డకు ఇనపడాల గదా!" అంది శివగంగ.

"రంగనాయకీ!" అని గొంతెత్తి పిలిచాడు.

బిడ్డ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. లోపల పనిచేస్తున్న ముప్పైమందీ ఒక్క గొంతుతో ఆ పేరే మళ్లీ పిలిచారు.